ఆట అక్కడ, పెట్టె ఇక్కడ: కొనేవారెవరు?

పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఇంటర్నెట్ మీదుగా వీడియో గేములు ఆడుకోవడం గురించి గత సంచికలో ఒక చిన్న జవాబు రాశాము. దానికి వచ్చిన ఉత్తరాలు చూస్తే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ ఒక్క విషయానికే కేటాయించక తప్పలేదు. ఒకే సందేహాన్ని పలువురు పంపినచోట స్పష్టంగా అడిగిన ఉత్తరాన్నే ఎంచుకున్నాము.

ప్రశ్న: ఆట అంతా దూరాన ఉన్న సర్వర్ మీద నడుస్తూ, ఇంట్లో దాని చిత్రాన్ని మాత్రమే చూపించే పరికరాలు కొన్ని వచ్చాయనీ, చాలావరకు మూతపడ్డాయనీ విన్నాను. కేవలం స్ట్రీమింగ్ కోసమే తయారైన పరికరాన్ని గేమర్లు నిజంగా డబ్బు పెట్టి కొంటారంటారా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కొన్నవారు ఉన్నారండీ. కాని తయారుచేసినవారు ఏ కారణంతో కొంటారని ఆశించారో ఆ కారణంతో కొనలేదు.

అమెరికాలో ఆన్‌లైవ్ అనే సంస్థ 2010 జూన్‌లో ఈ సేవను మొదలుపెట్టి, అదే ఏడాది డిసెంబరులో టీవీకి తగిలించుకునే చిన్న పెట్టెను కంట్రోలర్‌తో కలిపి 99 డాలర్లకు అమ్మింది. ఖరీదైన కన్సోల్ (టీవీకి కలిపి ఆటలు ఆడుకునే యంత్రం) అక్కరలేదు, డిస్కులు అక్కరలేదు, ఈ పెట్టె చాలు అన్నది వారి మాట. రెండేళ్ళు తిరగకముందే, 2012 ఆగస్టులో, ఆ సంస్థ అప్పుల్లో మునిగి ఉద్యోగులను పంపివేసి చేతులు మారింది. 2015 ఏప్రిల్‌లో దాని పేటెంట్లను సోనీ కొనుక్కుంది, ఆ నెలాఖరుతో సేవ ఆగిపోయింది. సేవ ఆగిన మరుక్షణం నుంచి ఆ పెట్టెకు పని లేదు. పాత కన్సోల్‌ను ఇరవై ఏళ్ళ తరువాత అటక మీదినుంచి దించినా అందులో డిస్కు పెట్టి ఆడుకోవచ్చు. స్ట్రీమింగ్ పెట్టెకు అవతలి సర్వర్ ఉన్నంతకాలమే ఆయుష్షు.

స్టేడియా అనే ఇలాంటి సేవనే గూగుల్ తెచ్చిన కథ మీకు తెలిసే ఉంటుంది. 2019 నవంబరు 19న 14 దేశాల్లో మొదలైంది. భారతదేశానికి అది రానేలేదు. తొలి కొనుగోలుదారులు 129 డాలర్లు పెట్టి కంట్రోలర్, టీవీకి తగిలించే క్రోమ్‌కాస్ట్ అల్ట్రా, మూడు నెలల చందా కలిసిన పెట్టెను తీసుకున్నారు. సాంకేతికంగా అది బాగానే పనిచేసింది. వచ్చిన చిక్కల్లా వ్యాపార పద్ధతిలోనే: చందాలో కొన్ని ఆటలు దొరికినా, కొత్తగా పేరొచ్చిన ఆటలను పూర్తి ధర పెట్టి విడిగా కొనాలి, కొన్నది ఆ సేవలోనే ఉండిపోతుంది. ఇంట్లో ప్లేస్టేషనో గేమింగ్ కంప్యూటరో ఉన్న మనిషి అదే ఆటను అదే ధరకు అక్కడెందుకు కొనాలి? 2023 జనవరి 18న స్టేడియా మూతపడింది. తన దుకాణంలో కొన్న పరికరాలకూ ఆటలకూ గూగుల్ డబ్బు వెనక్కి ఇచ్చింది కాబట్టి ఎవరూ నిలువునా నష్టపోలేదు. అయితే అంత పెద్ద సంస్థే మూడేళ్ళకు చేతులెత్తేసిందన్న జ్ఞాపకం మాత్రం గేమర్లలో మిగిలిపోయింది. ఆ తరువాత ఎవరు ఇలాంటి పెట్టె తెచ్చినా మొదట ఎదురయ్యే ప్రశ్న ధర గురించి కాదు, "ఇది ఎన్నాళ్ళుంటుంది?" అన్నదే.

ఈ రెండింటికంటే నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది స్టీమ్ లింక్. 2015 నవంబరులో వాల్వ్ సంస్థ 50 డాలర్లకు తెచ్చిన ఈ చిన్న పెట్టె ఎక్కడో ఉన్న సర్వర్ జోలికి పోదు. మీ గదిలోని కంప్యూటర్‌లో నడుస్తున్న ఆటను హాల్లోని టీవీకి చేరవేస్తుంది, అంతే. చవక, చేసే పని ఒక్కటే, ఆ పనిని చక్కగా చేస్తుంది. అయినా 2018 నవంబరులో దాని అమ్మకం ఆపేశారు. ఆ పెట్టె చేసే పనినే ఫోన్లలోనూ టీవీల్లోనూ ఉచితంగా దొరికే యాప్‌గా వాల్వ్ తానే విడుదల చేసింది. యాప్ వచ్చాక పెట్టెకు ఇక చోటు లేదు.

నా అభిప్రాయంలో అసలు కారణం ఇక్కడే దొరుకుతుంది. ఆటలంటే ప్రాణం పెట్టేవారి దగ్గర కన్సోలో కంప్యూటరో ముందే ఉంటుంది. వారికి ఈ పెట్టె అవసరం లేదు. ఆటలంటే పట్టనివారు 99 డాలర్లు కాదు, 9 డాలర్లు కూడా పెట్టరు. మిగిలింది ఆడాలని ఉన్నా కన్సోల్ కొనే స్తోమత లేనివారు. స్ట్రీమింగ్ నిజానికి వీరికోసమే పుట్టిందని చెప్పుకుంటారు గాని, వీరి చేతిలో ఇప్పటికే ఫోనుంది, గోడకు టీవీ ఉంది, వాటిలో యాప్ వేసుకుంటే సరిపోతుంది. కన్సోల్‌కు పోటీగా నిలవలేక, యాప్ కంటే చవకగా ఉండలేక, ఈ పెట్టె రెంటికీ చెడిన రేవడి అయింది.

ప్రశ్న: మరి ప్లేస్టేషన్ పోర్టల్ సంగతేమిటి? అది కూడా స్ట్రీమింగ్‌కు తప్ప దేనికీ పనికిరాదు కదా. అది వచ్చినప్పుడు అందరూ ఎగతాళి చేయడం నాకు గుర్తుంది. డాలస్‌లో ఉన్న మా అన్నయ్య దాన్ని కొని, తన పీఎస్ 5 కన్సోల్ (ప్లేస్టేషన్ 5) కంటే ఎక్కువగా అదే వాడుతున్నాడు. మీ సిద్ధాంతానికి ఇది ఎదురు కాదా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఎదురు అనేకంటే, పై జవాబులో నేను చెప్పకుండా ఉంచిన సగం ఇదే అనుకోండి.

సోనీ 2023 మే నెలలో ఈ పరికరాన్ని ప్రకటించినప్పుడు విమర్శకులు నవ్విన మాట నిజం. ఎనిమిది అంగుళాల తెర, దానికి అటూ ఇటూ చెరిసగం చేసి అతికించినట్టు పీఎస్ 5 కంట్రోలర్. లోపల ఆటలు నిల్వ ఉండవు, వైఫై లేకపోతే తెర మీద ఏమీ రాదు, బ్లూటూత్ కూడా లేదు. అప్పట్లో ఇంట్లో పీఎస్ 5 ఉంటేనే అది నడిచేది; అందులో నడుస్తున్న ఆటనే ఈ తెర మీద చూపించేది. ఇన్ని "లేదు"లు ఉన్న వస్తువుకు 200 డాలర్ల ధర ఏమిటని అడిగారు, నేనూ అడిగాను. 2023 నవంబరు 15న అమ్మకానికి వచ్చిన తరువాత కొన్ని వారాల పాటు చాలా దుకాణాల్లో అది దొరకలేదు.

ఎందుకు కొన్నారన్నదానికి జవాబు పరికరంలో కాక ఇంట్లో వెతకాలి. పీఎస్ 5 ఉన్న ఇళ్ళలో అది సాధారణంగా హాల్లోని పెద్ద టీవీకి కలిపి ఉంటుంది. ఆ టీవీ మీద హక్కు ఒక్కరిది కాదు. మన ఇళ్ళలో రాత్రి ఏడు దాటాక రిమోట్ ఎవరి చేతిలో ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ధారావాహిక నడుస్తున్నప్పుడు కన్సోల్ ఆన్ చేస్తాననే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? అమెరికా ఇళ్ళలోనూ పిల్లలు పడుకున్న తరువాత దొరికే గంటన్నరలో టీవీ దగ్గర కూర్చోవడానికి వీలుపడని తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. పోర్టల్ వారికి కొత్త ఆటలను ఇవ్వలేదు. ఇప్పటికే కొనుక్కున్న ఆటలను మంచం మీదికీ, వంటగది బల్ల మీదికీ తెచ్చింది. చందా కట్టనక్కరలేదు, ఆటను రెండోసారి కొననక్కరలేదు, ఎక్కడ ఆపారో అక్కడినుంచే మొదలవుతుంది. మీ అన్నయ్యగారు అసలు కన్సోల్ కంటే దీన్నే ఎక్కువగా వాడటంలో నాకు వింత కనిపించలేదు.

ఈ ఊహ మొదట సోనీది కూడా కాదు. నింటెండో 2012లో తెచ్చిన వీయూ కన్సోల్‌తో తెర ఉన్న కంట్రోలర్ ఒకటి వచ్చేది. టీవీని ఇతరులకు వదిలేసి ఆ తెర మీదే ఆడుకోవచ్చు. కన్సోల్‌గా అది నింటెండోకు పెద్ద దెబ్బే, ప్రపంచమంతటా ఒకటిన్నర కోటికి తక్కువే అమ్ముడైంది. అయినా దాన్ని కొన్నవారు ఆ ఒక్క సౌకర్యాన్ని మాత్రం ఇప్పటికీ తలచుకుంటారు.

కన్సోల్‌కు బదులుగా వచ్చిన స్ట్రీమింగ్ పరికరాన్ని గేమర్లు తిరస్కరించారు, కన్సోల్‌కు తోడుగా వచ్చినదాన్ని కొన్నారు. 2022 అక్టోబరులో వచ్చిన లాజిటెక్ జీ క్లౌడ్ అనే చేతి పరికరంతో పోల్చి చూడండి. తెర చక్కనిది, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, తయారీలో వంక పెట్టలేము. కాని ధర 350 డాలర్లు. మరో 50 డాలర్లు వేస్తే ఆటలను తనలోనే నడపగల స్టీమ్ డెక్ అనే చేతి పరికరం అప్పటికే దొరుకుతోంది. రైల్లోనూ విమానంలోనూ పనిచేసే వస్తువు పక్కన వైఫై ఉంటేనే పనిచేసే వస్తువును దాదాపు అదే ధరకు పెడితే ఎవరైనా ఏది తీసుకుంటారు?

పోర్టల్ కూడా ఆ తరువాత మారింది. 2024 నవంబరులో ప్రయోగాత్మకంగా, మరుసటి ఏడాది నవంబరులో పూర్తిస్థాయిలో, సోనీ సర్వర్ల నుంచి నేరుగా ఆటలను తెచ్చుకునే ఏర్పాటు అందులో చేరింది. అంటే మొదట తోడుగా ఇంట్లోకి వచ్చి, చోటు సంపాదించుకున్నాక, కన్సోల్ లేకుండానే ఆడించగల పరికరమైంది. ముందే ఆ పేరుతో వచ్చి ఉంటే ఇంతమంది కొనేవారని నేననుకోను.

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. పరీక్షలయ్యాక పోర్టల్ కొనిపెట్టమని ఒకటే గొడవ. మా ఇంట్లో ప్లేస్టేషన్ లేదు. ఇది చవక కాబట్టి దీంతో సరిపెట్టుకుంటానంటున్నాడు. కొనమంటారా?
— ఒక తల్లి, కర్నూలు

జవాబు: వద్దమ్మా. భారతదేశంలో అది 2024 ఆగస్టులో 18,990 రూపాయలకు వచ్చింది, కాని ఇంట్లో పీఎస్ 5 లేకుండా ఇక్కడ దానితో ఆడగలిగేది ఏమీ లేదు. పైన చెప్పిన సర్వర్ సదుపాయానికి ప్లేస్టేషన్ ప్లస్ ప్రీమియం చందా కావాలి. మన దేశంలో సోనీ అమ్ముతున్న పై స్థాయి చందా పేరు డీలక్స్, అందులో ఆ సదుపాయం లేదు. పీఎస్ 5 ధర దీనికి సుమారు మూడు రెట్లు ఉంటుంది కాబట్టి, "చవక కదా" అన్న మాట దగ్గర మీ అబ్బాయి లెక్క తప్పింది. అడిగేముందు ఈ సంగతి అతనికే సరిగా తెలియకపోయి ఉండవచ్చు; కోప్పడకండి.

ప్రశ్న: మా ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ ఉంది. 4కె సినిమాలు ఒక్కసారి కూడా ఆగవు. స్నేహితుడి దగ్గర స్ట్రీమింగ్‌లో గేమ్ ఆడి చూస్తే మాత్రం బటన్ నొక్కిన తరువాత ఒక క్షణానికి మనిషి కదులుతున్నాడు. వేగం చాలనప్పుడు కదా ఇలా జరగాలి?
— ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. మీరు వేగం అంటున్నది నిజానికి వెడల్పు. గొట్టం ఎంత లావుగా ఉంటే అంత ఎక్కువ నీరు పారుతుంది. అంతమాత్రాన మొదటి చుక్క మీ కుళాయికి త్వరగా చేరుతుందని కాదు. సినిమాకు మొదటి లక్షణం చాలు, ఆటకు రెండోది కావాలి. సినిమాలో తరువాతి సన్నివేశం ఏమిటో సర్వర్‌కు ముందే తెలుసు కాబట్టి అర నిమిషం కథను మీ టీవీలో ముందుగానే దాచి ఉంచగలదు. మధ్యలో లైను కాస్త తడబడినా మీకు తెలియదు. ఆటలో తరువాతి దృశ్యాన్ని నిర్ణయించేది మీ బొటనవేలు. మీరు నొక్కకముందు ఆ దృశ్యం ఎక్కడా లేదు, లేనిదాన్ని ముందుగా పంపడం ఎవరి తరమూ కాదు.

మీరు బటన్ నొక్కిన సంకేతం కంట్రోలర్ నుంచి పరికరానికీ, అక్కడినుంచి వైఫై మీదుగా రౌటర్‌కూ, రౌటర్ నుంచి సర్వర్‌కూ పోవాలి. సర్వర్ కొత్త దృశ్యాన్ని గీసి, వీడియోగా కుదించి, వెనక్కి పంపాలి. మీ పరికరం దాన్ని విప్పి టీవీకి ఇవ్వాలి, టీవీ తన సొంత మెరుగులు దిద్ది చూపించాలి. సెకనుకు 60 ఫ్రేములు (విడి విడి బొమ్మలు) నడిచే ఆటలో ఒక్కో ఫ్రేముకు దక్కే సమయం దాదాపు 16.7 మిల్లీసెకన్లే. గాజు తంతువులో కాంతి సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, హైదరాబాద్ నుంచి సుమారు 620 కిలోమీటర్ల దూరంలోని ముంబై సర్వర్‌కు పోయి రావడానికి ఆరు మిల్లీసెకన్లు పడుతుంది. అది కాంతికి పట్టే కాలం మాత్రమే. తంతువులు తిన్నగా పోవు, దారిలో మజిలీలు ఉంటాయి, కాబట్టి అసలు లెక్క అంతకు మించే ఉంటుంది. సర్వర్ సింగపూర్‌లోనో యూరప్‌లోనో ఉంటే మీరు ఎంత ఖరీదైన కనెక్షన్ తీసుకున్నా ఆ దూరం తగ్గదు.

అయితే తప్పంతా దూరానిదే అనుకోకండి. చాలాసార్లు దొంగ ఇంట్లోనే ఉంటాడు. మా ఇంట్లో రౌటర్ వంటగది గోడకు అవతల ఉండేది; ఎవరైనా మైక్రోవేవ్ పెట్టినప్పుడల్లా నా ఆటలో బండి గోడకు గుద్దుకునేది. మైక్రోవేవ్, 2.4 గిగాహెర్ట్జ్ వైఫై దాదాపు ఒకే తరంగాల మీద పనిచేస్తాయని తెలియడానికి నాకు వారం పట్టింది. 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి, వీలైతే కేబుల్‌తోనే కలపండి. టీవీలో "గేమ్ మోడ్" పెట్టడం మరవకండి. బొమ్మకు మెరుగులు దిద్దే పనిని టీవీ మానేస్తే ఒక్కోసారి పదుల మిల్లీసెకన్లు కలిసివస్తాయి. స్టేడియాలో ఒక తెలివైన ఏర్పాటు ఉండేది: దాని కంట్రోలర్ టీవీకి తగిలించిన పరికరంతో మాట్లాడకుండా, తానే వైఫై ఎక్కి నేరుగా సర్వర్‌కు సంకేతం పంపేది. ఒక మజిలీ తగ్గేది. ఆ సేవతోపాటు ఆ ఏర్పాటు కూడా పోయినందుకు నాకు ఇప్పటికీ విచారమే.

ప్రశ్న: మైక్రోసాఫ్ట్ కూడా ఇలాంటి పెట్టె ఒకటి తయారుచేసి విడుదల చేయలేదని చదివాను. అంత డబ్బున్న సంస్థ నష్టానికైనా అమ్మవచ్చు కదా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: దాని పేరు కీస్టోన్. 2022 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ కన్సోల్ విభాగమైన ఎక్స్‌బాక్స్‌కు అప్పటి అధిపతి ఫిల్ స్పెన్సర్ తన అలమారా ఫొటో ఒకటి పెట్టినప్పుడు అందులో ఒక చిన్న తెల్ల పెట్టె ఉండటాన్ని అభిమానులు కనిపెట్టేశారు. తరువాత ఆయనే వివరించారు: కంట్రోలర్‌తో కలిపి 99, 129 డాలర్ల మధ్య అమ్మగలిగితే అర్థం ఉండేది, ఆ ధరకు తీసుకురాలేకపోయాము అని. ఆటలను తనలోనే నడపగల ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ కన్సోల్ అప్పుడు 299 డాలర్లు. స్ట్రీమింగ్ పెట్టె ధర 200 దాకా వస్తే కొనేవాడు ఇంకో వంద కలిపి అసలు కన్సోలే తీసుకుంటాడు.

నష్టానికి అమ్మవచ్చు కదా అన్నారు. కన్సోల్‌ను నష్టానికి అమ్మినవారు ఆ మీదట ఆటల అమ్మకంలో రాబట్టుకుంటారు. స్ట్రీమింగ్‌లో మీరు ఆడే ప్రతి గంటకూ అవతల ఒక సర్వర్ మీకోసం పనిచేస్తూ ఉండాలి, దాని కరెంటు ఖర్చు కూడా సంస్థదే. పెట్టె మీద నష్టం, ఆడిన ప్రతి గంటకూ ఖర్చు, వచ్చేది నెల చందా. ఇంతకీ కీస్టోన్ మీద పనిచేసిన బృందమే శాంసంగ్ టీవీల్లోని ఎక్స్‌బాక్స్ యాప్‌ను తయారుచేసింది; 2022 జూన్ చివరిలో అది విడుదలైంది. పెట్టెను తయారుచేసినవారే పెట్టె అక్కరలేకుండా చేశారన్నమాట.

ప్రశ్న: భారతదేశంలో ఇలాంటి పరికరానికి మంచి గిరాకీ ఉంటుందని నా నమ్మకం. మన దగ్గర కన్సోళ్ళు తక్కువ, డేటా చవక. మీరేమంటారు?
— ఒక సెల్‌ఫోన్ దుకాణదారు, కరీంనగర్

జవాబు: దుకాణం నడిపేవారు కాబట్టి లెక్కలోనే మాట్లాడుకుందాం. సోనీ చెప్పే ప్రకారం పోర్టల్‌కు కనీసం 5 ఎంబీపీఎస్ కావాలి, బాగా ఆడాలంటే 15. ఆ 15 లెక్కన గంటకు దాదాపు 6.75 జీబీ ఖర్చవుతుంది. రోజుకు 2 జీబీ ఇచ్చే మొబైల్ ప్యాక్ 18 నిమిషాల్లోపే అయిపోతుంది. ఇంటికి ఫైబర్ ఉన్నవారికి ఈ బెంగ లేదు. నెలకు 3,300 జీబీ పరిమితి ఉన్న పథకంలో రోజుకు మూడు గంటలు ఆడినా ఆరువందల చిల్లర జీబీ మాత్రమే. కాబట్టి మీ కొనుగోలుదారు ఫైబర్ ఉండి, కన్సోల్ లేని ఇంటివాడు. అలాంటి ఇళ్ళు మీ ఊళ్ళో చాలానే ఉంటాయని ఒప్పుకుంటాను.

కాని అతనికి మీరు పరికరం అమ్మగలరా అన్నదే సందేహం. 2025 నవంబరులో ఎక్స్‌బాక్స్ క్లౌడ్ గేమింగ్ భారతదేశానికి వచ్చినప్పుడు దానితో పాటు కొనవలసిన పెట్టె ఏదీ రాలేదు. ఫోన్లు, కంప్యూటర్లు, టీవీల మీదే మొదలైంది. జియో కూడా తన క్లౌడ్ ఆటలను ఫోన్లకూ, ఇంట్లో ముందే ఉన్న సెట్‌టాప్ బాక్సుకూ అందించే దారినే ఎంచుకుంది. ఇక్కడ ఇంకో సంగతి ఉంది. మన కుర్రవాళ్ళు సంవత్సరాలుగా ఫోన్ మీద ఉచిత ఆటలకు అలవాటుపడ్డారు. ఆ ఆటలు ఫోన్‌లోనే చక్కగా నడుస్తాయి, వాటికి సర్వర్ నుంచి చిత్రం తెప్పించుకోవలసిన పని లేదు. కన్సోల్ ఆటల రుచి తెలిసినవారికే స్ట్రీమింగ్ విలువ తెలుస్తుంది, వారిలో చాలామంది దగ్గర కన్సోల్ ఉండనే ఉంది.

మీ దుకాణానికి సలహా అడిగి ఉంటే నేను పెట్టెలు తెప్పించమనను. ఫోన్‌కు రెండు వైపులా తగిలించుకునే కంట్రోలర్లు, టీవీకి పనికొచ్చే బ్లూటూత్ కంట్రోలర్లు తెప్పించమంటాను. ఏ సేవ వచ్చినా, ఏ సేవ పోయినా వాటి అవసరం ఉంటుంది. సేవ మూతపడిందని కొన్నవాడు మీ కౌంటర్ దగ్గరికి వచ్చి నిలదీయడు.

ప్రశ్న: అమెరికా నుంచి వచ్చిన బంధువులు ఒక స్టీమ్ లింక్, ఒక స్టేడియా కంట్రోలర్ మాకు వదిలి వెళ్ళారు. పాత సామానువాడికి వేయవలసిందేనా?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: వేయకండి. కంట్రోలర్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపితే మామూలు కంట్రోలర్‌లా పనిచేస్తుంది. గూగుల్ ఇచ్చిన పద్ధతిలో మీ బంధువులు దాన్ని ముందే బ్లూటూత్‌కు మార్చి ఉంటే కేబుల్ కూడా అక్కరలేదు. ఇక స్టీమ్ లింక్ అమ్మకం ఆగినా, దాని సాఫ్ట్‌వేర్‌కు మద్దతు కొనసాగిస్తామని వాల్వ్ అప్పట్లోనే చెప్పింది. మీ ఇంట్లో ఆటలు నడపగల కంప్యూటర్ ఉంటే, ఈ పెట్టెను హెచ్‌డీఎంఐతో టీవీకీ, లాన్ కేబుల్‌తో రౌటర్‌కూ కలిపి చూడండి. చిత్రం 1080 రిజల్యూషన్ దాకా వస్తుంది. అడాప్టర్ అమెరికాది కాబట్టి ప్లగ్గు మన సాకెట్‌లో పట్టదు; దాని మీద 100–240 వోల్టులు అని రాసి ఉందో లేదో చూసుకుని, ఒక మార్పిడి ప్లగ్గు కొనుక్కోండి.